గిరి ప్రదక్షిణ మానేసిన ఏడాది: పదిహేడేళ్ల కుర్రాడిలో తొలి సైకోసిస్ (కేస్ స్టడీ)

లేని గొంతులు వినిపించి, జరగని సంగతులు గట్టిగా నమ్మే స్థితిని సైకోసిస్ అంటాం. ఒకే తీరున నడిచిన కేసులను కలిపి ఇక్కడ ఒక కుర్రాడిగా రాశాం. ఇంటి వివరాలు, కుటుంబ వృత్తి మార్చాం. మోతాదులు, పరీక్షలు, జరిగిన పొరపాట్లు మాత్రం వైద్యంలో ఎలా ఎదురవుతాయో అలాగే ఉంచాం.

ఇంటర్ రెండో ఏడాది చదువుతున్న 17 ఏళ్ల అబ్బాయి. ఇల్లు విశాఖలో గాజువాక వైపు. సెప్టెంబరు మూడో వారంలో తల్లి, మేనత్త ఓపీకి తీసుకొచ్చారు. చీటీ మీద రాయించింది ఇది: 10 రోజులుగా నిద్ర లేదు, తనలో తాను మాట్లాడుకుంటున్నాడు. తల్లి నోటి మాట వేరు. “ఏటైందో తెల్దు బాబూ, మా గుంటడు మా గుంటడులా లేడు.”

చీటీ మీది 10 రోజులు తప్పు లెక్క. అసలు జబ్బు బయటపడి అప్పటికి దగ్గర దగ్గర రెండు నెలలు. దానికంటే ముందే మొదలైన జారుడుకు అప్పటికి 11 నెలలు. ఈ మూడు అంకెల మధ్య తేడాయే ఈ కేసులో అసలు విషయం.

తేదీలు పట్టుకోవడం

“ఎప్పటి నుంచి?” అని అడిగితే ఏ ఇంట్లోనైనా చివరగా భయపెట్టిన సంగతి నుంచే లెక్క చెబుతారు. అందుకే ఒక తెల్లకాగితం అడ్డంగా పెట్టి, పైన పండుగలు వరసగా రాస్తాం: సింహాచలం అప్పన్న గిరి ప్రదక్షిణ, దసరా, దీపావళి, సంక్రాంతి, పబ్లిక్ పరీక్షలు, చందనోత్సవం, మళ్లీ గిరి ప్రదక్షిణ. ఎడమ పక్కన అయిదు గళ్లు: నిద్ర, స్నేహితులు, స్నానం-బట్టలు, చదువు, ఫోను. ఒక్కో పండుగ దగ్గర ఆగి అడగాలి. ఆ రోజు ఏం బట్టలు వేసుకున్నాడు, ఎవరితో తిరిగాడు, ఎప్పుడు లేచాడు? దీనికి 25 నిమిషాలు పడుతుంది. తల్లిని ఒకసారి, కుర్రాణ్ని వేరేగా ఒకసారి అడగాలి. కుదిరితే, ఇంటివాళ్ల అనుమతితో, ఒక స్నేహితుణ్ని కూడా.

వచ్చిన చిత్రం ఇలా ఉంది. ముందటి ఏడాది జూలైలో తొలిపావంచా (కొండ కింది మొదటి మెట్టు) దగ్గర కొబ్బరికాయ కొట్టి, నలుగురు స్నేహితులతో 32 కిలోమీటర్లూ నడిచి తెల్లారేసరికి ఇంటికొచ్చాడు. అక్టోబరులో దసరా సెలవులకి హాస్టల్ నుంచి వచ్చినప్పుడు ఆ నలుగురిలో ఎవరినీ కలవలేదు. నవంబరులో స్లిప్ టెస్టుల మార్కులు సగానికి పడ్డాయి. సంక్రాంతికి కుట్టించిన బట్టలు మడత విప్పలేదు. మార్చిలో మొదటి ఏడాది పరీక్షల్లో రెండు సబ్జెక్టులు పోయాయి. వేసవిలో పగలు నిద్ర, రాత్రి మెలకువ. ఈ ఏడాది జూలైలో స్నేహితులు ఇంటికొచ్చి పిలిచినా ప్రదక్షిణకు వెళ్లలేదు. “అంతమందిలో నన్నే చూస్తారు” అన్నాడట. మొదటి అనుమానపు మాట అదే. దాన్ని ఇంట్లో సిగ్గు అనుకున్నారు.

అంతకు ముందు తొమ్మిది నెలలకూ ఇంట్లో ఒకే పేరు: బద్ధకం. కాలేజీలో పెట్టిన పేరు: శ్రద్ధ లేదు. తప్పు పట్టడానికి లేదు. ఆ వయసులో ఈ లక్షణాలు విడివిడిగా చూస్తే ప్రతి ఇంట్లోనూ కనిపిస్తాయి. తేడా చెప్పేది రెండే: అయిదు గళ్లూ ఒకే కాలంలో కిందికి దిగడం, దిగినవి మళ్లీ లేవకపోవడం. ప్రేమలో పడ్డ పిల్లవాడి చదువు పాడవుతుంది కానీ బట్టల మీద శ్రద్ధ పెరుగుతుంది. పరీక్షల ఒత్తిడి పరీక్షలతో పోతుంది.

రెండో రోజు తల్లిని ఫిజిక్స్ నోట్సు తెమ్మన్నాం. మొదటి 30 పేజీలు గుండ్రటి రాత, ఎర్ర గీత మార్జిన్, బొమ్మలకు స్కేలు వాడిన జాడ. తర్వాత మార్జిన్ పోయింది. ఆ తర్వాత ఒక్కో వాక్యం మధ్యలో ఆగి కొత్త గీత మీద మొదలైంది. చివరి పేజీల్లో పాఠం లేదు. లెక్చరర్ చెప్పిన మాటల్లో కొన్ని అక్షరాల చుట్టూ సున్నాలు చుట్టి, వాటిని బాణాలతో కలిపాడు. ప్రతి పేజీ మీదా తేదీ ఉంది. ఇంతకు మించిన కేసు చరిత్ర దొరకదు.

పరీక్షలో కనిపించినవి

మనిషి సన్నంగా ఉన్నాడు, బరువు 54 కిలోలు. ఫోను కెమెరా మీద బ్యాండ్ ఎయిడ్ అంటించాడు. ఫ్యాను తిరుగుతుంటే అందులోంచి ఇద్దరు తన గురించి మాట్లాడుకోవడం వినిపిస్తోంది: “చూడు, ఇప్పుడు లెగుస్తాడు.” క్లాసు వాట్సాప్ గ్రూపులో తన ఆలోచనలు ముందే పడిపోతున్నాయని గట్టి నమ్మకం. తేదీ, చోటు, మనుషుల గుర్తింపు సరిగా ఉన్నాయి. జ్వరం లేదు, ఫిట్స్ లేవు, బిగుసుకుపోవడం లేదు.

గొంతులు వినిపిస్తున్నాయని తెలిశాక తప్పక వేయాల్సిన ప్రశ్న ఒకటుంది: “ఆ గొంతులు నిన్నేమైనా చెయ్యమంటాయా?” ఈ కుర్రాడి జవాబు: “మేడ మీదికెళ్లు అంటాయి. నేను వెళ్లను.” ఆ సాయంత్రమే మేడ తలుపుకు తాళం వేయించి, తాళంచెవి మేనత్త దగ్గర ఉంచమన్నాం. చావు ఆలోచన గురించి అడిగితే ఆ ఆలోచన నాటినట్టవుతుందని చాలామంది భయపడతారు. అది నిజం కాదు.

గంజాయి గురించి తల్లి ఎదుట అడిగితే “లేదండి” అన్నాడు. తల్లిని బయటికి పంపి, “తాగుతావా?” అని కాకుండా, “మీ బ్యాచ్‌లో సిగరెట్టులో పొగాకు తీసేసి కూరుకుంటారా, బీడీలోనా?” అని అడిగాం. అప్పుడు చెప్పాడు. పదో తరగతి సెలవుల్లో మొదలు, వారానికోసారి. సంక్రాంతి నుంచి దాదాపు రోజూ. ముగ్గురు కలిసి ఒక పొట్లం. మన్యం సరుకు నగరానికి దగ్గర కాబట్టి విశాఖలో ఈ ప్రశ్న అడగని కేసు షీటు సగం షీటే. పోలీసు కేసవుతుందని కుటుంబాలు దాస్తాయి. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2017 ప్రకారం చికిత్స వివరాలు గోప్యమని ముందే చెబితే సగం భయం తగ్గుతుంది.

కుటుంబ చరిత్రలో మేనమామ ఒకాయన 22 ఏళ్ల వయసులో ఇల్లు విడిచి తిరిగి, చాలా ఏళ్ల తర్వాత దొరికాడు. ఇది మూడోసారి అడిగితే గానీ బయటికి రాలేదు. “పిచ్చి ఉందా?” అంటే ఎవరూ అవుననరు. “చదువు మధ్యలో మానేసినవాళ్లు, ఇల్లు వదిలిపోయినవాళ్లు, పెళ్లి ఒద్దని ఒంటరిగా ఉండిపోయినవాళ్లు ఉన్నారా?” అని అడగాలి.

రక్తపరీక్షలు, థైరాయిడ్, కాలేయం, కిడ్నీ, బి12, పరగడుపు షుగర్, కొలెస్ట్రాల్, ఈసీజీ, మూత్రంలో మత్తు పదార్థాల పరీక్ష చేయించాం. గంజాయి పాజిటివ్. రోజూ తాగేవాళ్లలో ఆఖరి దమ్ము తర్వాత కొన్ని వారాల దాకా అది పాజిటివే చూపిస్తుంది, కాబట్టి “నిన్న తాగావు” అని నిలదీయడానికి ఆ కాగితం పనికిరాదు. తండ్రి తలకి స్కాన్ తీయమని పట్టుబట్టాడు. సైకోసిస్‌ను ఎంఆర్ఐలో చూసి చెప్పలేం. ఫిట్స్, జ్వరం, కొద్ది రోజుల్లోనే మాట-చూపు మారిపోవడం, ఒళ్లు బిగుసుకోవడం, చేతుల వణుకు, ఒక పక్క బలహీనత ఉంటే మాత్రం స్కాన్, ఈఈజీ (మెదడు విద్యుత్ తరంగాల పరీక్ష), నడుం నుంచి తీసే వెన్ను నీటి పరీక్ష వెంటనే కావాలి. నరాల సందేశాలు అందుకునే ఎన్‌ఎండీఏ రిసెప్టర్ మీద ఒంటి రోగనిరోధక శక్తే దాడిచేసే మెదడువాపు అచ్చం సైకోసిస్‌లాగే మొదలవుతుంది, ఆడపిల్లల్లో ఎక్కువ. ఇక్కడ అవేవీ లేవు.

ఈ వయసే ఎందుకు

తండ్రి అడిగిన ప్రశ్న: “పదో తరగతి దాకా క్లాస్ ఫస్టండి. మరిప్పుడే ఎందుకు?”

పుట్టినప్పటి నుంచి మెదడు అవసరానికి మించి నరాల కలయికలు వేసుకుంటుంది. కౌమారంలో వాటిని తగ్గించే పని ఊపందుకుంటుంది. జీడితోటలో అనవసరపు కొమ్మలు నరికితే మిగిలినవి బలంగా కాసినట్టు, వాడని కలయికలు పోయి వాడేవి గట్టిపడతాయి. నుదుటి మెదడులో ఈ కలయికల సాంద్రత బాల్యం నుంచి కౌమారానికి తగ్గుతుందని హట్టెన్‌లోచర్ 1979లో చూపించాడు. జే గీడ్ బృందం 1999లో అవే పిల్లలకు మళ్లీ మళ్లీ ఎంఆర్ఐ తీసింది. నుదుటి భాగంలో బూడిదరంగు పదార్థం ఆడపిల్లల్లో సుమారు 11 ఏళ్లకు, మగపిల్లల్లో 12కు గరిష్ఠానికి చేరి తర్వాత పలచబడుతుందని తేలింది. ఈ పని వెనక నుంచి ముందుకు సాగుతుంది. చూపు, కదలిక చూసే భాగాలు ముందు కుదురుకుంటాయి. ఆచితూచి నిర్ణయించే నుదుటి భాగం చివరకు, ఇరవైల మధ్యలో. అదే కాలంలో నరాల తీగల చుట్టూ మైలిన్ అనే కొవ్వు పొర ఎక్కుతుంది, డోపమీన్ అనే రసాయనంతో సందేశాలు పంపే తీగలు నుదుటి భాగంలోకి చిక్కగా అల్లుకుంటాయి.

ఇంత పని జరిగే చోట తేడా జరగడానికీ వీలుంటుంది. కత్తిరింపు శృతి మించితే స్కిజోఫ్రీనియా (దీర్ఘకాలం సాగే సైకోసిస్ జబ్బు) రావచ్చని ఫైన్‌బర్గ్ 1982లో ఊహించాడు. 2016లో సెకార్ బృందం సీ4 అనే రోగనిరోధక జన్యువు రకాల్లో కొన్ని ఈ జబ్బు ముప్పును పెంచుతాయని, ఎలుకల్లో ఆ జన్యువు కలయికల కత్తిరింపులో పాలుపంచుకుంటుందని చూపింది. ఊహకు బలం వచ్చింది. అంతమాత్రాన ఒక్క జన్యువుతో జబ్బు రాదు. ముప్పు కొద్దికొద్దిగా చాలా జన్యువుల నుంచి చేరుతుంది.

గంజాయి సరిగ్గా ఇక్కడే దూరుతుంది. మెదడు తనంతట తాను తయారుచేసుకునే గంజాయి లాంటి రసాయనాలు సీబీ1 రిసెప్టర్ల ద్వారా నరాల మధ్య సందేశాలను అదుపులో ఉంచుతాయి. గంజాయిలోని మత్తు పదార్థం టీహెచ్‌సీ బయటి నుంచి వచ్చి ఆ అదుపును గంటల తరబడి ఆక్రమిస్తుంది. 1987లో స్వీడన్‌లో 45 వేల పైచిలుకు సైనిక అభ్యర్థుల్ని అనుసరించిన అధ్యయనంలో, 18 ఏళ్లకే 50 సార్లకు మించి గంజాయి తాగినవాళ్లలో తర్వాత స్కిజోఫ్రీనియా ఆరు రెట్లు కనిపించింది. 2019లో యూరప్ నగరాల్లో చేసిన అధ్యయనంలో రోజూ తాగేవాళ్లకు సైకోసిస్ ముప్పు మూడు రెట్లకు పైగా, ఘాటు సరుకు రోజూ తాగేవాళ్లకు అయిదు రెట్లకు దగ్గరగా వచ్చింది. తాగిన ప్రతివాడికీ జబ్బు రాదు. మేనమామకు జబ్బున్న ఇంట్లో, 15 ఏళ్లకే మొదలుపెట్టిన కుర్రాడి లెక్క వేరు.

నిద్ర సంగతి కూడా తండ్రికి చెప్పాం. కౌమారంలో నిద్ర తెప్పించే మెలటోనిన్ రాత్రి ఆలస్యంగా ఊరుతుంది, నిద్ర గంటా రెండు గంటలు వెనక్కి జరుగుతుంది. హాస్టల్లో 5 గంటలకు లేపి 11 దాకా కూర్చోబెడితే రోజూ అప్పు పేరుకుంటుంది. నిద్ర లేకపోవడం ఒక్కటే ఈ జబ్బు తేదు గానీ, ఉన్న ముప్పును ముందుకు తోస్తుంది.

పేరు పెట్టడం

రోగనిర్ధారణ గడిలో “తొలి సైకోసిస్, కొనసాగుతున్న పరిశీలన” అని రాశాం. గంజాయి వల్ల వచ్చిన సైకోసిసా, స్కిజోఫ్రీనియానా అని తండ్రి నిలదీశాడు. మానేసి నెల దాటినా గొంతులు ఉంటే గంజాయి ఒక్కటే కారణమనలేం. పైగా గంజాయి సైకోసిస్ అని తేలినవాళ్లలో సుమారు మూడో వంతు మంది తర్వాత స్కిజోఫ్రీనియాలోకి వెళ్తున్నారని 2020లో వచ్చిన విశ్లేషణ చెప్పింది. కాబట్టి “గంజాయేలే, మానేస్తే పోతుంది” అని మందులు తప్పించడం ప్రమాదం. ఉన్మాదం (మేనియా, అతి ఉత్సాహపు జబ్బు), డిప్రెషన్‌తో వచ్చిన భ్రమలు కావని నిద్ర-ఉత్సాహం-మాటల వేగం చూసి పక్కన పెట్టాం.

ఇలా జారే ప్రతి పిల్లవాడికీ సైకోసిస్ మందు ఇచ్చేయాలని ఇందులో అర్థం తీయకూడదు. గొంతులు, భ్రమలు పూర్తిగా రాకముందు, అనుమానాల దశలోనే క్లినిక్‌కు వచ్చినవాళ్లలో మూడేళ్లలో సైకోసిస్‌లోకి వెళ్లేది సుమారు నలుగురిలో ఒకరు. మిగతా ముగ్గురికి కావలసింది నిద్ర, ఆందోళనకు చికిత్స, గంజాయి మాన్పించడం, నెలనెలా చూడటం.

మందు, తొలి పొరపాటు

కుర్రాడు మైనరు. తల్లిదండ్రుల సమ్మతితో పాటు అతనికి కూడా చెప్పి మొదలుపెట్టాం. ఇంట్లో ఎవరో ఒకరు రాత్రింబవళ్లు ఉంటామన్నారు, కుర్రాడు తింటున్నాడు, మేడ తలుపుకు తాళం పడింది కాబట్టి ఇంటి దగ్గరే చికిత్స. గొంతుల మాట వినడం మొదలుపెడితే చినవాల్తేరు మానసిక వైద్యశాలలో చేర్చాలని ఆ రోజే నిర్ణయించి, దారి, వెంట తేవాల్సిన కాగితాలు రాసి ఇచ్చాం.

సైకోసిస్ మందు రిస్పెరిడోన్ రాత్రి 1 మి.గ్రా., వారం తర్వాత 2, అవసరమైతే మూడో వారంలో 3. నిద్రకు లొరాజెపాం 1 మి.గ్రా. పది రోజులు మాత్రమే.

నాలుగో రాత్రి మెడ ఒక పక్కకు తిరిగిపోయింది, కళ్లు పైకి పోయి నిలిచాయి, నాలుక బయటికొచ్చింది. ఇంట్లో “గాలి మళ్లీ పట్టింది” అని అరగంట పూజలో గడిచింది. క్యాజువాలిటీకి తెచ్చాక ప్రోమెథజైన్ 50 మి.గ్రా. కండరంలోకి ఇచ్చారు, 20 నిమిషాల్లో మెడ కుదురుకుంది. మర్నాడు మందుల స్ట్రిప్ తెప్పించి చూస్తే కారణం తెలిసింది. 1 మి.గ్రా. బిళ్ళ దొరక్క మందుల దుకాణంలో 2 మి.గ్రా. ఇచ్చి సగం వేయమన్నారు, ఇంట్లో నిండు బిళ్ళ వేశారు. చీటీ రాసేటప్పుడు మేం కూడా స్ట్రిప్ తెచ్చి చూపించమని చెప్పలేదు. ఎన్నడూ ఈ మందులు వాడని పడుచు మగపిల్లల్లో కండరాలు ఇలా బిగుసుకుని మెలితిరగడం (డిస్టోనియా) ఎక్కువ, అందులోనూ మొదటి నాలుగైదు రోజుల్లో. మందు డోపమీన్ పనిని హఠాత్తుగా ఆపేసరికి ఎసిటైల్‌కోలిన్ అనే మరో రసాయనం పైచేయి అవుతుంది. అప్పటి నుంచి మొదటి స్ట్రిప్ మీద స్కెచ్ పెన్నుతో “సగం” అని మేమే రాస్తున్నాం. “మెడ తిరిగితే, కళ్లు పైకి పోతే అది మందు వల్ల, గంటలోపు ఇంజెక్షన్‌తో పోతుంది” అని ముందే చెబుతున్నాం. ఈ ఒక్క వాక్యం చెప్పకపోవడం వల్ల మందు మీద నమ్మకం పోయిన ఇళ్లు చాలా ఉన్నాయి.

రెండో వారం కాళ్లు కుదురుగా ఉండవు, కూర్చోలేడు, గదిలో అటూ ఇటూ. తల్లి “ముదిరిపోయింది” అంది. అది అకథీసియా, మందు వల్ల కాళ్లు నిలవకపోవడం. జబ్బు అనుకుని మోతాదు పెంచితే ఇంకా పెరుగుతుంది. గుర్తుపట్టే ప్రశ్న: “మనసు ఆగట్లేదా, కాళ్లు ఆగట్లేదా?” కాళ్లు అన్నాడు. ఆస్తమా లేదని చూసుకుని ప్రొప్రానొలాల్ 20 మి.గ్రా. రోజుకు రెండుసార్లు ఇచ్చాం, మోతాదు పెంపు వారం వాయిదా వేశాం.

నాలుగో వారానికి గొంతులు దూరమయ్యాయి. సైకోసిస్ తీవ్రతను కొలిచే పాన్స్ స్కేలు మీద స్కోరు మొదట 92, ఆరో వారానికి 64. ఇక్కడ లెక్కలో తరచూ తప్పు జరుగుతుంది. ఈ స్కేలు సున్నాతో కాదు, 30తో మొదలవుతుంది. 28 పాయింట్లు తగ్గడమంటే 62లో 28, అంటే 45 శాతం మెరుగు. 92తో భాగిస్తే 30 శాతమే అనిపించి అనవసరంగా మందు మారుస్తారు.

ఆరో వారం

భ్రమలు తగ్గాక ఇంట్లో అందరూ ఊపిరి పీల్చుకుంటారు. ముప్పు పొంచి ఉండేది అప్పుడే. కుర్రాడికి ఏం జరిగిందో అర్థమైంది. “నేను పిచ్చోణ్నా? నా బ్యాచ్ అందరూ ఇంజనీరింగ్‌లో చేరిపోతారు” అన్నాడు. ఆకలి పోయింది. స్కిజోఫ్రీనియా ఉన్నవాళ్లలో ఆత్మహత్యతో పోయేవాళ్లు జీవితకాలంలో సుమారు 5 శాతం, అందులోనూ తొలి ఏళ్లలో ఎక్కువ. వారానికి రెండుసార్లు రమ్మన్నాం, మందులు మేనత్త పెట్టెలో పెట్టించాం, రాత్రి వేళకు ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ నంబరు 14416 కుర్రాడి ఫోనులోనే సేవ్ చేయించాం. మనోవేదన నాలుగు వారాలకు సర్దుకుంది, విడిగా డిప్రెషన్ మందు అవసరం రాలేదు.

ఇంటివాళ్లకు నేర్పింది చాలా చిన్నది. వాక్యం చిన్నగా, ఒక్కసారి ఒక్క పని. “ఎప్పుడు చూసినా పడుకునే ఉంటావు” బదులు “ఎనిమిదింటికి లేపుతాను, టిఫిన్ తిందాం.” మోదకొండమ్మ గుడికి మొక్కు ఉందన్నారు, వెళ్లమన్నాం. భూతవైద్యుడి విషయంలో మూడు షరతులు: మందు ఆపకూడదు, పస్తు పెట్టకూడదు, పొగ పెట్టడం-కట్టెయ్యడం-కొట్టడం కూడదు. గొలుసుతో కట్టడం చట్టరీత్యా నేరం కూడా.

దీపావళికి పాత బ్యాచ్ కలిసింది, రెండు దమ్ములు పడ్డాయి, మూడు రోజులు గొంతులు తిరిగొచ్చాయి. తిట్టలేదు. కాగితం మీద ఆ తేదీ పెట్టి, పక్కనే గొంతుల తేదీ పెట్టి చూపించాం. రెండు చుక్కలు తన చేత్తోనే కలిపాడు. ఆ తర్వాత మళ్లీ తాగలేదు, మూత్రపరీక్షలు రెండుసార్లు నెగటివ్.

మూడో నెలకు బరువు 60 కిలోలు. 54 మీద 6 అంటే 11 శాతం. 7 శాతం దాటగానే జోక్యం చేసుకోవాలి. కిడ్నీ పరీక్ష చూసి మెట్‌ఫార్మిన్ 500 మి.గ్రా. భోజనం తర్వాత మొదలుపెట్టి, వారం తర్వాత రోజుకు రెండు పూటలూ చేశాం. రాత్రి రెండోసారి అన్నం, కూల్‌డ్రింకులు ఆపించాం. రొమ్ము వాపు, లైంగిక ఇబ్బంది ఉన్నాయా అని అడిగితే తప్ప ఏ కుర్రాడూ తనంతట చెప్పడు. మందు మానేయడానికి అదే పెద్ద కారణం. అడగాలి.

హాస్టల్‌కు తిరిగి పంపలేదు. డే స్కాలర్‌గా మార్పించాం. మొదటి నెల రోజుకు రెండు గంటల చదువు, 20 నిమిషాలకోసారి విరామం. గొంతులు పోయినంత వేగంగా ఏకాగ్రత రాదు, ఇది ముందే చెప్పకపోతే తండ్రులు “బాగైపోయాడు కదా” అని పాత టైమ్‌టేబుల్ గోడకు అంటిస్తారు. మార్చిలో మూడు పేపర్లే రాశాడు, మిగతావి సప్లిమెంటరీకి వదిలాడు.

తర్వాతి జూలైలో ప్రదక్షిణకు వెళ్తానన్నాడు. రాత్రంతా మెలకువ, జనం, బ్యాచ్: మూడూ ముప్పే. పగలు బయలుదేరి హనుమంతవాక దాకా, అన్నతో కలిసి, 9 గంటలకల్లా ఇంట్లో ఉండేలా ఒప్పుకున్నాం. అలాగే చేశాడు. రాత్రి బిళ్ళ వేళకే పడింది.

ప్రస్తుతం రిస్పెరిడోన్ 3 మి.గ్రా. మీదే ఉన్నాడు. తండ్రి ఆపుదామంటున్నాడు. తొలి సైకోసిస్ తర్వాత అయిదేళ్లలో అయిదుగురిలో నలుగురికి జబ్బు తిరగబెట్టిందని, మందు ఆపినవాళ్లలో ఆ ముప్పు దాదాపు అయిదు రెట్లని 1999 నాటి అధ్యయనం చూపింది. రెండేళ్లు నిండేదాకా మోతాదు కదపబోమని, ఆ తర్వాత కూడా నెలల మీద తగ్గిస్తామని చెప్పాం.

మేనత్త చివరికి అడిగింది: “మరి చెల్లికి?” చెల్లికి 14. తోబుట్టువుకు స్కిజోఫ్రీనియా ఉంటే మిగతావాళ్లకు వచ్చే అవకాశం వందకు సుమారు 9, అంటే 91 మందికి రాదు. ఆ పిల్లకు మందు లేదు, పరీక్ష లేదు, జబ్బు పేరు లేదు. తల్లి దగ్గర మాత్రం అదే పండుగల కాగితం ఇంకొకటి ఉంది, అయిదు గళ్లతో. ఆరు నెలలకోసారి అది పట్టుకొస్తుంది. సంక్రాంతి గడిలో “కొత్త ఓణీ కట్టింది, ముగ్గుల పోటీకి వెళ్లింది” అని రాసి ఉంది.